పేర్లు కలిసిపోయిన కేసుల్లో మన కేసు ఏదో పట్టుకోవడం ఎలా

రెండేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే, కోర్టు కేసుల స్థితి చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో మా బాబాయ్ పొలం కేసు చూస్తే 'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్' అని ఉంది. అంటే వాయిదాకి మన తరఫున ఎవరూ రాలేదని కొట్టేశారన్నమాట. ఆగకుండా ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదు, తెల్లారకముందే బస్సెక్కి లాయరు గారింటికి పోయాడు. అక్కడ గుమాస్తా నేను పంపిన స్క్రీన్‌షాట్ చూసి "ఇది మీది కాదండీ, ప్రతివాది తండ్రి పేరు చూడండి, మీది ఇంకా సాక్ష్యాల దగ్గరే ఉంది" అన్నాడట. వాది పేరు అదే, ప్రతివాది పేరు అదే, సంవత్సరం కూడా అదే. వాయిదాలన్నీ లాయరు గారే చూసుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు గానీ, నేను అప్పటికి నాలుగు నెలలుగా ఎవరిదో కేసు కబుర్లు బాబాయ్‌కి చేరవేస్తున్నాను.

ఆ తిట్లన్నీ తిన్నాక నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, కోర్టు కాగితాలు చూసీ చూసీ అలవాటైనవాణ్ణి, అంతే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఈ తికమక రెండు రకాలు. ఒకటి, వేరే వేరే మనుషులు, ఒకే పేర్లు. వెంకటేశ్వర్లు, సత్యనారాయణ, శ్రీనివాసరావు, లక్ష్మి, ఈ పేర్లు ఏ ఊళ్లో లేవు చెప్పండి? పైగా తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనది, కాబట్టి ఇంటిపేరుతో సహా ఇద్దరూ ఒకటే అయి కూర్చుంటారు. రెండో రకం దీనికన్నా ప్రమాదం: మనుషులు వాళ్లే, కేసులు వేరు. అన్న తమ్ముడి మీద పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేస్తాడు, తమ్ముడు అన్న మీద ఇంజంక్షన్ (ఫలానా పని చేయకుండా ఆపమనే) దావా వేస్తాడు, ఒకదానిలో డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వస్తే దానిమీద అప్పీలు, దాని అమలుకి ఈపీ, మధ్యలో కొట్టుకుంటే ఒక క్రిమినల్ కేసు. అయిదు కేసుల్లోనూ అవే పేర్లు, అటూ ఇటూ మారుతూ ఉంటాయి. అప్పీలు ఎవరు వేస్తే వాళ్ల పేరు ముందుకొస్తుంది కాబట్టి కింది కోర్టులో ప్రతివాదిగా ఉన్నాయన పైకోర్టులో మొదటి పేరుగా కనిపించడం మామూలే.

మొదట చేయాల్సింది: ఇంట్లో కాగితాలు వెతకండి

యాప్ తెరవకముందే బీరువా తెరవండి. సమన్లు, నోటీసు, దావా కాపీ, పాత ఆర్డర్ కాపీ, ఏదో ఒకటి ఉంటుంది. మీరు వెతకాల్సింది సీఎన్ఆర్ నంబర్. ఇది 16 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబర్, దేశం మొత్తం మీద ఒక్క కేసుకి ఒక్కటే. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, తర్వాతి రెండంకెలు ఆ జిల్లాలో ఏ కోర్టో చెప్పేవి, ఆ తర్వాత ఆరంకెలు వరుస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. ఇది దొరికితే పేర్ల గొడవే లేదు, యాప్‌లో కొడితే ఒక్క కేసే వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మధ్యలో ఉన్న ఆరంకెలు కేసు నంబరనుకుంటారు. కాదు. సీఎన్ఆర్‌లో 000312 అని ఉన్నంతమాత్రాన మీది ఓఎస్ (అంటే అసలు దావా) 312 అవ్వదు, ఆ వరుస వేరు, ఓఎస్ వరుస వేరు. సంవత్సరం కూడా ఒక్కోసారి తేడా వస్తుంది: డిసెంబర్‌లో ఫైల్ చేసి జనవరిలో నంబరైతే రెండుచోట్లా రెండేళ్లు కనిపిస్తాయి, కంగారు పడకండి.

సీఎన్ఆర్ లేకపోతే నాలుగు ముక్కలు

రకం, నంబర్, సంవత్సరం, కోర్టు. ఈ నాలుగూ కలిస్తేనే కేసు. "మాది 45/2019 అండీ" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఎందుకంటే ప్రతి కోర్టులోనూ, ప్రతి రకానికీ, ప్రతి ఏడాదీ 1 నుంచి మొదలవుతుంది. ఓఎస్ 45/2019 ప్రిన్సిపల్ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఒకటి ఉంటుంది, పక్క గదిలో అడిషనల్ కోర్టులో ఇంకొకటి ఉండొచ్చు, పక్క తాలూకాలో మరొకటి.

రకం దగ్గర ఇంకాస్త ఆగాలి. సీసీ అనే రెండక్షరాలే తీసుకోండి. మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ అంటే క్యాలెండర్ కేస్, అంటే క్రిమినల్ కేసు. హైకోర్టులో సీసీ అంటే కంటెంప్ట్ కేస్, కోర్టు ధిక్కారం. వినియోగదారుల కమిషన్‌లో సీసీ అంటే కన్జ్యూమర్ కంప్లయింట్. మా ఆఫీసులో ఒకాయన వాషింగ్ మెషీన్ మీద వేసిన ఫిర్యాదు నంబరు పట్టుకుని మేజిస్ట్రేట్ కోర్టులో వెతికి, ఎవరిదో కొట్లాట కేసు చూసి హడలిపోయాడు. ఎస్ఏ కూడా అంతే, హైకోర్టులో సెకండ్ అప్పీల్, డీఆర్‌టీలో, అంటే బ్యాంకు అప్పుల ట్రైబ్యునల్‌లో, బ్యాంకు వేలం మీద వేసే సెక్యూరిటైజేషన్ అప్లికేషన్.

మిగతావి గబగబా: ఓఎస్ అసలు దావా, ఏఎస్ దానిమీద మొదటి అప్పీలు, ఈపీ డిక్రీ అమలుకి, ఎంవీఓపీ యాక్సిడెంట్ పరిహారం, ఎంసీ మనోవర్తి, డీవీసీ గృహహింస, ఎస్సీ అంటే సెషన్స్ కేస్. సెషన్స్ కోర్టులో నడవాల్సిన పెద్ద క్రిమినల్ కేసు మేజిస్ట్రేట్ దగ్గర పీఆర్సీ నంబరుతో మొదలై సెషన్స్‌కి పంపాక ఎస్సీ నంబరు తెచ్చుకుంటుంది. అదే కేసు, రెండు నంబర్లు. పీఆర్సీ దగ్గర 'డిస్పోజ్డ్' (ముగిసింది) అని చూసి కేసు పోయిందని పండగ చేసుకోకండి.

ఐఏ నంబరుతో జాగ్రత్త. ఆర్డర్ కాగితం పైన పెద్దక్షరాలతో 'ఐఏ నంబర్ 1 ఆఫ్ 2019' అని ఉంటుంది, కింద చిన్నగా 'ఇన్ ఓఎస్ 45 ఆఫ్ 2019' అని ఉంటుంది. మీకు కావాల్సింది కిందది. ఐఏ అంటే ఆ కేసులోపల వేసిన పిటిషను మాత్రమే. హైకోర్టు పాత కాగితాల్లో డబ్ల్యూపీఎంపీ అని కనిపించేది కూడా ఇలాంటిదే. అలాగే హైకోర్టులో ఫైల్ చేసినప్పుడు ఇచ్చే ఎస్ఆర్ నంబరు వేరు, తర్వాత వచ్చే డబ్ల్యూపీ (రిట్ పిటిషన్) నంబరు వేరు.

పోలీసు కేసైతే ఎఫ్ఐఆర్ నంబరుతోనూ వెతకొచ్చు, కానీ స్టేషన్ పేరు తప్పనిసరి. క్రైమ్ నంబర్లు కూడా ప్రతి స్టేషన్‌లో ప్రతి ఏడాదీ 1 నుంచే మొదలవుతాయి.

చేతిలో పేరు ఒక్కటే ఉంటే

ఇది కష్టమైన దారే, కానీ కుదురుతుంది. ఈకోర్ట్స్ సైట్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని పార్టీ పేరు కొట్టాలి. కనీసం మూడక్షరాలు అడుగుతుంది, సంవత్సరం అడుగుతుంది, పెండింగా, డిస్పోజ్డా, రెండూనా అని అడుగుతుంది. రెండూ అన్నదే పెట్టండి. ఏడాది దొరక్కపోతే ఒకటి ముందు, ఒకటి వెనక చూడండి.

పేరు మొత్తం కొట్టకండి. మన పేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. లక్ష్మిలో 'ఎక్స్' పెట్టేవాళ్లున్నారు, 'కేఎస్‌హెచ్' పెట్టేవాళ్లున్నారు. సత్యనారాయణలో 'టీ' తర్వాత 'హెచ్' ఉంటుందో ఉండదో టైపు చేసినాయన దయ. వెంకటేశ్వరరావుకి నాకు తెలిసి ఎనిమిది రకాలున్నాయి. ఆధార్‌లో మీ స్పెల్లింగ్ ఎలా ఉందన్నది ఇక్కడ పనికిరాదు, దావా టైపు చేసిన రోజు ఎలా కొట్టారన్నదే లెక్క. కాబట్టి నాలుగైదు అక్షరాలతో మొదలుపెట్టండి, ఇంటిపేరు ముందుపెట్టి ఒకసారి, వెనకపెట్టి ఒకసారి, ఉత్త ఇంటిపేరుతో ఒకసారి చూడండి. ఇంటిపేరు మొదటి అక్షరమే వేసి వదిలేసిన కేసులూ బోలెడు.

నాకు బాగా పనికొచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను. రెండు పక్షాల్లో ఎవరి పేరు అరుదుగా ఉంటుందో ఆ పేరుతో వెతకండి. మీది శ్రీనివాసరావు, ఎదుటాయనది కాస్త వింతైన ఇంటిపేరు అయితే ఆయన పేరే కొట్టండి, వంద ఫలితాలు మూడుకి దిగుతాయి. ఎదుటివాళ్లు బ్యాంకో ప్రభుత్వమో అయితే మాత్రం ఆ పేరుతో వెతకడం దండగ. లాయరు పేరుతోనూ వెతకొచ్చు, మీ లాయరు ఎవరో తెలిస్తే అదే దగ్గరి దారి.

చనిపోయినవాళ్ల పేర్లు మర్చిపోకండి. దావా వేసినాయన పోతే వారసులు రికార్డులోకి వస్తారు, కానీ కేసు టైటిల్‌లో మొదటి పేరు చాలాసార్లు ఆ పెద్దాయనదే ఉండిపోతుంది. మీ నాన్నగారి తర్వాత మీరు నడుపుతున్న కేసైతే ముందు ఆయన పేరుతోనే చూడండి. ఇంకోటి, జాబితాలో ఒక్కో పక్షానికీ మొదటి పేరే చూపించి 'మరో ముగ్గురు' అని వదిలేస్తారు. మీరు నాలుగో ప్రతివాది అయితే పైకి మీ పేరు కనపడదు, కేసు తెరిస్తేనే తెలుస్తుంది.

దొరికింది మీదేనా? ఇక్కడే నేను బోల్తాపడ్డాను

జాబితాలో పేరు కనపడగానే 'ఇదే' అనిపిస్తుంది. అనిపించనివ్వండి, కానీ నమ్మకండి. నా లెక్క ఏంటంటే, పేరు కాకుండా ఇంకో రెండు విషయాలు కలవాలి. ఒక్కటి కలిస్తే చాలదు, బాబాయ్ కేసులో సంవత్సరం కలిసింది కదా.

కేసు తెరిచి కోర్టు పేరు చూడండి, ఫైల్ చేసిన తేదీ చూడండి, రెండువైపులా లాయర్ల పేర్లు చూడండి. లాయరు పేరు కలవడం గట్టి ఆధారమే, అయితే ఒకే లాయరు మీ కుటుంబం కేసులు మూడు నడుపుతుంటే అది కూడా సరిపోదు. ఆర్డర్ పీడీఎఫ్ ఉంటే తెరవండి, అందులో మనిషి పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఊరు ఉంటాయి. పొలం కేసైతే సర్వే నంబరు, గ్రామం, హద్దులు షెడ్యూల్‌లో, అంటే ఆస్తి వివరాల పట్టీలో, ఉంటాయి. సర్వే నంబరూ గ్రామమూ కలిస్తే ఇక మనుషుల గురించి బెంగ అక్కర్లేదు, అయితే అదే భూమి మీద రెండు దావాలున్నాయేమో అన్నది మాత్రం చూసుకోవాలి.

క్రిమినల్ కేసులో సెక్షన్లు చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసానికి పాత 420 అయితే కొత్తది 318, భర్త, అత్తింటివాళ్ల వేధింపులకి పాత 498ఏ అయితే కొత్తది 85. మీ గొడవ జరిగింది 2022లో, తెరిచిన కేసులో కొత్త సెక్షన్లే ఉన్నాయంటే అది మీది కాకపోవచ్చు.

అవే మనుషుల మీద నాలుగైదు కేసులుంటే మాత్రం ఫోన్ పక్కనపెట్టి తెల్లకాగితం తీసుకోండి. అసలు దావా పైన రాసి, దాని కింద ఏది ఎందులోంచి పుట్టిందో గీతలు గీయండి. అప్పీలు కాగితంలో కింది కోర్టు కేసు నంబరు ఉంటుంది, ఈపీలో ఏ డిక్రీకి వేశారో ఉంటుంది. అరగంట పని, కానీ ఆ కాగితం చూశాక మా బాబాయ్‌కే తన కేసు మొదటిసారి అర్థమైంది.

ఎంత వెతికినా రాకపోతే

తప్పు చోట వెతుకుతున్నారేమో చూడండి. హైకోర్టు కేసులకి ఈకోర్ట్స్‌లో వేరే విభాగం ఉంది, జిల్లా కోర్టుల్లో కొడితే రావు. వినియోగదారుల కమిషన్, డీఆర్‌టీ, రెరా (రియల్ ఎస్టేట్ ఫిర్యాదులు), ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల వివాదాలు), వీటికి ఎవరి సైటు వాళ్లదే.

మన రెండు రాష్ట్రాలకి అదనంగా ఇంకో చిక్కు. 'ఆంధ్రప్రదేశ్ హైకోర్టు' అనే మాట ఏ ఏడాదిది అన్నదాన్ని బట్టి ఏ కోర్టో మారుతుంది. 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ఉండేది, 1956 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2014లో రాష్ట్రం విడిపోయాక కొన్నాళ్లు రెండు రాష్ట్రాలకీ కలిపి అక్కడే ఉమ్మడి హైకోర్టు, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఒకటి, హైదరాబాద్‌లో తెలంగాణది ఒకటి. 2015లో హైదరాబాద్‌లో వేసిన రిట్ మీ ఊరు ఆంధ్రలో ఉంటే అమరావతికి వెళ్లిపోయి ఉంటుంది. రెండుచోట్లా చూడండి. జిల్లాల సంగతీ అంతే. తెలంగాణలో 2022 జూన్ 2న జిల్లా కోర్టులు 33 అయ్యాయి, అంతకుముందు వేసిన కేసు పాత జిల్లా పేరు మీద ఉండి ఉండొచ్చు. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయినా, కోర్టు కేసు వెతికేటప్పుడు ఉమ్మడి జిల్లా పేరు కింద కూడా చూడటం మర్చిపోకండి.

తీర్పులు వెతికేవాళ్లకి

వాట్సాప్‌లో 'ఫలానా కేసులో సుప్రీంకోర్టు తీర్పు' అని ఒక పేరు తిరుగుతుంటుంది. ఆ పేరుతో ఎన్ని తీర్పులున్నాయో ఎవరూ చూడరు. ఎంసీ మెహతా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అంటే ఏది? గంగ కాలుష్యమా, తాజ్‌మహల్ చుట్టూ ఫ్యాక్టరీలా, ఢిల్లీ గాలా, ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకా? అన్నీ అదే పేరు.

ఎస్సీ వర్గీకరణ మీద మన దగ్గర చర్చ జరిగినప్పుడల్లా దవీందర్ సింగ్ కేసు పేరు వస్తుంది. స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్ పేరుతో 2020 ఆగస్టు 27న అయిదుగురు జడ్జీలు ఇచ్చిందొకటి ఉంది, 2024 ఆగస్టు 1న ఏడుగురు ఇచ్చిందొకటి ఉంది. మొదటిది, 2004లో మన ఆంధ్రప్రదేశ్ చట్టం మీదే వచ్చిన, వర్గీకరణ కుదరదన్న చిన్నయ్య తీర్పుని మళ్లీ చూడాలని పెద్ద బెంచికి పంపింది. రెండోది వర్గీకరణ చేయొచ్చని తేల్చేసింది. మొదటిది తెరిచి చదివి 'ఇంకా తేలలేదు' అని వాదించేవాళ్లని నేను చూశాను.

ఇంకా గమ్మత్తైనది పుట్టస్వామి కేసు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, 2018 సెప్టెంబర్ 26న అయిదుగురి బెంచి ఆధార్ మీద తీర్పు ఇచ్చింది. పేరు ఒకటే, చివరికి నంబరు కూడా ఒకటే, రిట్ పిటిషన్ సివిల్ 494/2012. ఇక్కడ తేదీ, బెంచిలో ఎంతమంది ఉన్నారన్నది, ఇవే గతి. సైటేషన్, అంటే తీర్పు ఏ పుస్తకంలో ఎక్కడుందో చెప్పే గుర్తు, కూడా చూసుకోవచ్చు గానీ, ఎస్‌సీసీ అనే తీర్పుల సంపుటాల్లో ముందుండే ఏడాది ఆ సంపుటిది, తీర్పుది కానక్కర్లేదు: 2018 ఆధార్ తీర్పు 2019 మొదటి సంపుటిలో ఉంది. 2023 నుంచి సుప్రీంకోర్టే ఏ ప్రచురణకర్తకీ సంబంధం లేని న్యూట్రల్ సైటేషన్ ఇస్తోంది, దవీందర్ సింగ్ 2024 తీర్పుది 2024 ఐఎన్ఎస్‌సీ 562, అది ఒక్క తీర్పుకే అంటుకుని ఉంటుంది. బాధితుల పేరు బయటపెట్టకూడని కేసుల్లో టైటిల్ చాలాసార్లు 'ఎక్స్' అని మొదలవుతుంది, అవి మరీ కలిసిపోతాయి, వాటిని పేరుతో కాకుండా తేదీతోనో నంబరుతోనో సైటేషన్‌తోనో పట్టుకోవాలి.

ఎవరిదో కేసు మీకు అంటగడితే

ఉద్యోగంలో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు పేరు కొట్టి 'మీ మీద క్రిమినల్ కేసు ఉంది' అంటారు. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇది మరీ టెన్షన్. అలా అంటే ముందు వాళ్లని సీఎన్ఆర్ నంబరు అడగండి, అది ఇవ్వకుండా ఏమీ ఒప్పుకోకండి. నంబరు వచ్చాక కేసు తెరిచి నిందితుడి తండ్రి పేరు, వయసు, ఊరు చూసి, మీ వివరాలు పక్కపక్కన పెట్టి రాతపూర్వకంగా జవాబివ్వండి. కోర్టు నుంచి ఎఫ్ఐఆర్, చార్జిషీటు సర్టిఫైడ్ కాపీ తెప్పించి జతచేస్తే ఇంకా మంచిది.

ఇవేవీ కుదరకపోతే కోర్టుకే వెళ్లండి. చాలా కోర్టు కాంప్లెక్సుల్లో ఈ-సేవా కేంద్రం ఉంది, డబ్బులు తీసుకోకుండా కేసు స్థితి చూసి చెబుతారు. వెళ్లేటప్పుడు ఊరు, తండ్రి పేరు, దావా వేసిన ఏడాది, ఎదుటివాళ్ల పేరు రాసుకుని వెళ్లండి. ఆలస్యం మాత్రం చేయొద్దు: తప్పు కేసు చూస్తూ కూర్చుంటే అసలు కేసులో ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు హాజరు కాకపోవడంతో ఇచ్చే డిక్రీ) పడిపోవచ్చు, దాన్ని తీయించడానికి మామూలుగా ఉండే గడువు 30 రోజులు.

సరైన కేసు దొరికిన క్షణంలోనే యాప్‌లో 'మై కేసెస్'లో సేవ్ చేసుకోండి, సీఎన్ఆర్ నంబరు ఫైలు అట్ట మీద మార్కర్‌తో రాయండి. లాయరు గారికి ఫోన్ చేసినప్పుడు కూడా "నేనండీ, శ్రీనివాసరావుని" అని మొదలుపెట్టకుండా నంబరు, కోర్టు పేరు ముందు చెప్పండి. ఆయన దగ్గర శ్రీనివాసరావులు ఎంతమందో మీకు తెలీదు.